డిగ్రీ అయ్యాక మొదటి ఉద్యోగం లింక్డ్‌ఇన్‌లో నిజంగా దొరికినవాళ్లు ఉన్నారా?

తోకచుక్క
డిగ్రీ అయిపోయి అయిదు నెలలైంది. సబ్జెక్టు స్టాటిస్టిక్స్. డేటా అనలిస్ట్ పోస్టుల కోసం లింక్డ్‌ఇన్‌లో ఈజీ అప్లై బటన్ నొక్కీ నొక్కీ వేలు అరిగిపోయింది. నిన్న కూర్చుని లెక్కపెడితే 214 అప్లికేషన్లు తేలాయి. 9 చోట్ల నుంచి 'ఈసారికి కుదరలేదు' అని మెయిల్ వచ్చింది. మిగతావాటి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఎవరిని అడిగినా 'నెట్‌వర్కింగ్ చెయ్యి' అంటారు. చేయడమంటే పొద్దున లేచి ఏం చెయ్యాలో మాత్రం చెప్పరు. నాకు 61 కనెక్షన్లు. అందులో 50 మంది నా క్లాసువాళ్లే, వాళ్లూ నాలాగే వెతుకుతున్నారు. మా ఇంట్లో ఈ రంగంలో ఎవరూ లేరు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు 'ఉద్యోగం ఇప్పించండి' అని రాయాలంటే చెయ్యి రావట్లేదు.

అన్నలూ అక్కలూ, దీని ద్వారా మీకు మొదటి ఉద్యోగం వచ్చి ఉంటే సరిగ్గా ఏం చేశారో చెప్పండి. 'మీ బ్రాండ్ నిర్మించుకోండి' లాంటివి వద్దు ప్లీజ్.

రాత్రిబండి
నాకు వచ్చింది. కానీ అప్లై చేస్తే రాలేదు.

మన కాలేజీ పేజీ తెరిస్తే అలమ్నై అని ఒక ట్యాబ్ ఉంటుంది. పాత విద్యార్థులు ఎక్కడ ఉంటున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏం చదివారు అని అందులో జల్లెడ పట్టొచ్చు. నేను రెండు మూడేళ్ల క్రితం పాసైనవాళ్లనే ఏరుకున్నాను. ఇరవై ఏళ్ల సీనియర్ ఇన్‌బాక్స్‌లో మనం వందో మనిషి. మూడేళ్ల సీనియర్‌కి మాత్రం ఉద్యోగం లేనప్పుడు ఇంట్లో అన్నం ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో ఇంకా గుర్తుంటుంది.

మొదట 12 మందికి ఇలా రాశాను: 'సార్, నేను ఫ్రెషర్‌ని. మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఏమైనా ఉంటే రిఫర్ చేయండి సార్. రెజ్యూమె జత చేశాను.' ఒక్కరూ పలకలేదు. అప్పుడు కోపమొచ్చింది కానీ, ఇప్పుడు నాకు అలాంటివి వస్తుంటే అర్థమవుతోంది. ఆ మెసేజ్‌కి సరే అనాలంటే ఆయన ముందు ఖాళీలు వెతకాలి, తర్వాత నేనెవరో తెలియకుండానే నాకు పూచీ పడాలి. ఎవరు పడతారు?

తర్వాత 17 మందికి కనెక్షన్ కోసం ఇన్విటేషన్ పంపి, ఒప్పుకున్నవాళ్లకి ఇలా రాశాను: 'నమస్తే అండీ. మన కాలేజీలోనే ఈ ఏడాది చదువు పూర్తిచేశాను. మీరు చదువైన వెంటనే సర్వే డేటా పనిలో చేరారని ప్రొఫైల్‌లో చూశాను. మొదటి ఆరు నెలల్లో, కాలేజీలో నేర్పనిది ఏది మీకు ఎక్కువగా అవసరపడింది? రెండు ముక్కలు చెప్పినా చాలు.'

ఆరుగురు యాక్సెప్ట్ చేశారు, ముగ్గురు జవాబిచ్చారు, ఒకరు ఫోన్‌లో 20 నిమిషాలు మాట్లాడారు. రెండు నెలల తర్వాత ఆయన టీమ్‌లో ఒకరు మానేస్తే, ప్రకటన పడకముందే నాకు కబురు పెట్టారు. ఇంతే కథ.

ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఉచిత ఖాతాలో ఇన్విటేషన్‌తో పంపే నోట్‌కి 200 అక్షరాలే, అదీ నెలకి కొద్దిమందికే. అందుకని నోట్‌లో కాలేజీ పేరు, ఒక్క వాక్యం పెట్టి, అవతలివాళ్లు ఒప్పుకున్నాక అసలు మెసేజ్ రాయండి.

పాతకాపు
వినడానికి బాగుంది. కానీ పేరు మార్చుకున్న సిఫార్సు తప్ప ఇందులో కొత్తేముంది? బాబాయి కంపెనీలో ఉంటే బాబాయి, లేకపోతే లింక్డ్‌ఇన్. మంచి కాలేజీవాళ్లకి మంచి సీనియర్లు ఉంటారు, మిగతావాళ్లకి ఎవరుంటారు?

చుక్కాని
పాతకాపు గారి చివరి ప్రశ్న న్యాయమైనదే. బాబాయి విషయంలో మాత్రం ఒప్పుకోను.

1973లో మార్క్ గ్రనోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక పేపరు రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని, ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. 'తరచూ' అన్నవాళ్లు 16.7 శాతమే. 'అప్పుడప్పుడూ' అన్నవాళ్లు 55.6, 'ఎప్పుడో గానీ కలవం' అన్నవాళ్లు 27.8. కారణం సులువు. నీ దగ్గరివాళ్లకి తెలిసిందంతా నీకూ తెలుసు. తోకచుక్క క్లాసులోని ఆ 50 మందీ చూసేది తోకచుక్క చూసే ప్రకటనలే కదా.

2022లో సైన్స్ పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. లింక్డ్‌ఇన్‌లో 'మీకు తెలిసి ఉండొచ్చు' అని మనుషుల్ని చూపించే చోట అయిదేళ్ల పాటు, 2 కోట్ల మంది మీద రకరకాలుగా మార్చి చూశారు. ఉద్యోగం మారడానికి ఎక్కువగా పనికొచ్చింది ప్రాణస్నేహితులు కాదు, పూర్తి అపరిచితులూ కాదు. మధ్యరకం, అంటే ఇద్దరికీ తెలిసినవాళ్లు కొందరున్న ఓ మోస్తరు పరిచయం. డిజిటల్ పనులు ఎక్కువున్న రంగాల్లో ఈ తేడా ఇంకా గట్టిగా కనిపించింది. డిజిటల్ పనులు తక్కువున్న రంగాల్లో మాత్రం దగ్గరివాళ్లే మెరుగు. కాబట్టి అందరికీ ఒకే మందు కాదు.

పాతకాపు
వాడేవాళ్లకి ఒక్క ముక్క చెప్పకుండా వాళ్ల మీదే చేసిన ప్రయోగం అది. సరే, ఫలితం వరకు ఒప్పుకుంటాను.

నీలికలువ
ఫ్రెషర్ల నియామకాలు చూసే పని నాది. బల్లకి ఇవతలి వైపు నుంచి ఏం కనిపిస్తుందో చెబుతాను.

నేను మనుషుల పేర్లతో వెతకను, పని పేర్లతో వెతుకుతాను. 'ఎస్‌క్యూఎల్' (డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష), 'పవర్ బీఐ' (డేటాని గ్రాఫులుగా చూపే సాఫ్ట్‌వేర్) అని కొడితే ఒక వరుస వస్తుంది. అందులో కనిపించేవి ఫొటో, పేరు, హెడ్‌లైన్‌లో మొదటి కొన్ని మాటలు. హెడ్‌లైన్‌కి 220 అక్షరాల చోటుంటే 'ఉత్సాహవంతుడైన ఫ్రెషర్, అవకాశం కోసం ఎదురుచూస్తున్నాను' అని నింపుతారు. ఎదురుచూడటాన్ని నేను దేంతో వెతకను? 'స్టాటిస్టిక్స్ గ్రాడ్యుయేట్, ఎస్‌క్యూఎల్, పైథాన్, సర్వే డేటా' అని పెడితే నాకు దొరుకుతారు.

ప్రాజెక్టుల గురించి ఒక మొర. టైటానిక్ ప్రయాణికుల డేటా మీద ఎవరు బతికారో అంచనా వేసే ప్రాజెక్టు పెట్టనివాళ్లు లేరు. నేర్చుకోవడానికి మంచిదే, కాదనను. కానీ ఆ ఓడ 1912లో ఒక్కసారే మునిగింది, నా ఇన్‌బాక్స్‌లో రోజూ మునుగుతోంది.

ఈజీ అప్లై నొక్కొద్దని అనను. మంచి పోస్టుకి మొదటి రోజే వందల్లో వస్తాయి, నేను పైనుంచి చూసుకుంటూ వచ్చి సరిపడా మనుషులు దొరికాక ఆపేస్తాను. అది అన్యాయమే, కానీ జరిగేది అదే. కొన్ని ప్రకటనల కింద నియామకం చూసేవాళ్ల పేరు కూడా ఉంటుంది. అప్లై చేసిన రోజే వాళ్లకి నాలుగు లైన్లు రాస్తే కనీసం పేరు కళ్లలో పడుతుంది.

తోకచుక్క
నీలికలువ గారూ, నా టైటానిక్‌ని ఇప్పుడే తీసేశాను :) ఫొటో చుట్టూ ఆకుపచ్చ 'ఓపెన్ టు వర్క్' రింగు పెట్టాలా వద్దా? పెడితే దిక్కులేనివాళ్లలా కనిపిస్తామని ఫ్రెండ్స్ అంటున్నారు.

నీలికలువ
ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఆ మొహమాటం ఉంటుంది. అలాంటివాళ్ల కోసమే రిక్రూటర్లకు మాత్రమే కనిపించే పద్ధతి ఉంది. చదువైపోయినవాళ్లు పని వెతకడంలో దాచేదేముంది? పెట్టుకోండి. నేనైతే ఆ రింగు చూసి ఎవరినీ తీసేయలేదు.

గాలిపటం
రాత్రిబండి గారి పద్ధతే చేశాను, కాకపోతే బద్ధకంగా. మెసేజ్ ఒకటి రాసుకుని కాపీ పేస్ట్ చేస్తూ పోయాను. ఒకాయనకి పంపిన దాంట్లో ముందాయన కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది. పంపాక చూసుకుని టెన్షన్‌తో ఫోన్ బోర్లా పెట్టేశాను.

మర్నాడు ఆయన జవాబు: 'నేను అక్కడ ఎప్పుడూ పనిచేయలేదు. బాగుంటుందని మాత్రం విన్నాను.' తప్పయిందండీ అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నవ్వుకుని మాట్లాడారు. ఉద్యోగం రాలేదు గానీ, రెజ్యూమె రెండు పేజీల నుంచి ఒక పేజీకి తగ్గింది ఆయన దయ వల్లే. ఇప్పుడు రోజుకి మూడు మించి పంపను, ప్రతిదీ కొత్తగా టైప్ చేస్తాను.

వెన్నెలవాన
నా అనుభవం చేదుది. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

రిక్రూటర్‌నంటూ ఒకావిడ తనే మెసేజ్ పెట్టింది. 500 పైన కనెక్షన్లు, మంచి ఫొటో. ఇంటర్వ్యూ అంతా చాట్‌లోనే, గొంతు కూడా వినలేదు. రెండు గంటల్లో 'సెలెక్ట్ అయ్యారు' అని ఆఫర్ లెటర్. లాప్‌టాప్ పంపడానికి డిపాజిట్ కట్టమంది, మొదటి జీతంతో తిరిగి ఇస్తామంది. నాలుగు నెలలు జవాబు లేకుండా గడిపినవాళ్లకి 'సెలెక్ట్' అనే మాట ఎలా వినిపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు. కట్టాను. మర్నాటికి ప్రొఫైలే లేదు.

తర్వాత తెలిసింది. ఎవరి ప్రొఫైల్‌లోనైనా మోర్ నొక్కి 'అబౌట్ దిస్ ప్రొఫైల్' తెరిస్తే ఆ ఖాతా ఎప్పుడు మొదలైందో, ఏదైనా వెరిఫై అయిందో లేదో కనిపిస్తుంది. ముందే చూసి ఉంటే తెలిసేదేమో. డబ్బు అడిగినా, కంపెనీ మెయిల్ కాకుండా మామూలు మెయిల్ నుంచి ఆఫర్ వచ్చినా, అక్కడికక్కడ ఆపేయండి.

పాతకాపు
వెన్నెలవాన గారూ, ఇది బయటికి చెప్పినందుకు మెచ్చుకోవాలి. రిపోర్ట్ చేశారా?

వెన్నెలవాన
చేశాను. బ్యాంకుకీ, సైబర్ పోలీసులకీ కూడా. డబ్బు రాలేదు.

మాటతక్కువ
పోస్టులు రాయాలా అని చాలామందికి సందేహం ఉంటుంది కాబట్టి చెబుతున్నా. 'ఈరోజు ఆటోవాలా నాకు నేర్పిన అయిదు నాయకత్వ పాఠాలు' లాంటివి చదివితే నాకు కడుపులో తిప్పుతుంది. అందుకే ఏడాదిలో ఒక్కటే రాశాను.

నేనెక్కే బస్సు ఎంత ఆలస్యంగా వస్తుందో 6 వారాలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాన్ని గ్రాఫు గీసి, సోమవారాలు ఎందుకు ఘోరంగా ఉన్నాయో నాలుగు లైన్లు రాశాను. లైకులు 23. అందులో ఒకరు రవాణా సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. 'వాన పడ్డ రోజులు తీసేస్తే ఈ గీత ఎలా మారుతుంది?' అని కామెంట్ పెట్టారు. వాన సంగతి నాకు తట్టనే లేదు! అదే చెప్పి, మళ్లీ లెక్కవేసి పెట్టాను. మూడు నెలలకి వాళ్ల దగ్గర ఇంటర్న్‌గా చేరాను, తర్వాత పర్మనెంట్ చేశారు.

లైకులు లెక్కపెట్టుకోకండి. ఒక్కరు చూసినా, ఆ పని చేసేవాళ్లయితే చాలు.

తోకచుక్క
మూడు వారాల తర్వాత వచ్చాను. 11 మందికి పంపాను. నలుగురు యాక్సెప్ట్ చేశారు. వారం దాకా ఎవరూ పలక్కపోతే ఇదీ అంతే అనుకున్నా. ఎనిమిదో రోజు ఒక సీనియర్ అక్క 'శనివారం 15 నిమిషాలు మాట్లాడదామా' అన్నారు.

రెజ్యూమె చూసి ఒక్కటే అన్నారు: 'ఎస్‌క్యూఎల్ ఆరో వరుసలో పెట్టావు. మేం పొద్దున వచ్చి మొదట తెరిచేది అదే.' ఉద్యోగం సంగతి నేను ఎత్తలేదు, ఆవిడే వాళ్ల దగ్గర ఒక పోస్టు ఉందని రిఫర్ చేశారు. 214 అప్లికేషన్ల తర్వాత మొదటిసారి ఒక టెస్టు దాకా వెళ్లాను.

టెస్టు పోయింది. రెండో భాగంలో టైమ్ సరిపోలేదు. ఇప్పుడు ఆవిడకి మొహం ఎలా చూపించాలో తెలియట్లేదు. ఏమీ అనకుండా ఊరుకుంటే బాగోదేమో?

రాత్రిబండి
ఊరుకుంటేనే బాగోదు. రిఫర్ చేసినవాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. ఈరోజే రాయి: టెస్టు పోయింది, ఫలానా చోట తడబడ్డాను, మీరు చెప్పినట్టు రెజ్యూమె మార్చాను, థాంక్స్. ఇంకేం అడక్కు. నన్ను సలహా అడిగినవాళ్లలో తర్వాత ఏమైందో చెప్పినవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. ఆ ఇద్దరి పేర్లే గుర్తున్నాయి.

నీలికలువ
మొదటి టెస్టు పోవడం మాకు రోజూ కనిపించేదే తోకచుక్క గారూ. చాలాచోట్ల కొన్ని నెలలయ్యాక మళ్లీ రాయనిస్తారు, ఎప్పుడో అడిగి పెట్టుకోండి.

తోకచుక్క
రాశాను. గంటలో జవాబు వచ్చింది. 'ఏ ప్రశ్న?' అని ఒక్క మాటే. జాయిన్లు, మూడు టేబుళ్లు కలపాల్సింది అన్నాను. 'రాత్రి 8కి లాప్‌టాప్ ముందు ఉంటావా?' అని అడిగారు.

ఇప్పుడు 7:40. వెళ్తున్నా.