నాన్న మస్కట్ నుంచి తెచ్చిన వాక్‌మన్ ఆన్ అయితలేదు, ఎట్ల బాగుచేయాలె?

జగిత్యాల_పోరడు:
అందరికీ నమస్తే. మా నాన్న 1991ల మస్కట్ పోయిండు, 12 ఏండ్లు అక్కడనే పని చేసిండు. అప్పట్ల మా వాడకట్టుల ఎవరింట్ల ఫోన్ లేకుండె, అందుకని ముచ్చట్లన్నీ క్యాసెట్ల రికార్డు చేసి ఊరికి వచ్చేటోళ్లతోని పంపేటోడు, మా అమ్మ గూడ మాతోని మాట్లాడిపిచ్చి ఇంకో క్యాసెట్ పంపేది. నాన్న చనిపోయి మూడేండ్లయింది. మొన్న సందుగ సదురుతుంటే నాలుగు క్యాసెట్లు, ఆయన వాక్‌మన్ దొరికినయ్. రెండు కొత్త పెన్సిల్ సెల్లులు వేసి ప్లే నొక్కిన, ఎర్ర లైటు వెలగలే, చెవి దగ్గర పెట్టుకున్నా చప్పుడు లేదు. సెల్లులు వేసే కాడ స్ప్రింగులకు పచ్చగ తెల్లగ పేరుకొని ఉన్నది, పాతవి అండ్లనే మరిచిపోయినట్టున్నరు. ఇక్కడ టీవీ రిపేర్ చేసేటాయన చూసి ఇగ ఇది పనికిరాదు పారెయ్ అన్నడు. అమ్మకు ఒక్కసారన్న నాన్న గొంతు వినిపియ్యాలె. ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి.

పాతరేడియో:
తమ్ముడూ పారెయ్యొద్దు, సెల్లులు కారిపోయి చిలుము పట్టిన వాక్‌మన్‌లు చాలావరకు బతుకుతాయి. ముందు ఒక్క మాట, నాన్నగారి క్యాసెట్లు మాత్రం ఇప్పుడే అందులో పెట్టకు, బాగైంది అనిపించినా పెట్టకు. వాక్‌మన్ పోతే ఇంకోటి దొరుకుతుంది, టేపు నలిగితే ఆ గొంతు ఇంకెక్కడా దొరకదు. పాత పాటల క్యాసెట్ ఏదో ఒకటి, పోయినా ఫర్వాలేదనుకునేది పెట్టి చూడు.
స్ప్రింగుల మీది పొడి చేత్తో ముట్టుకోకు, గ్లౌజులు వేసుకుని పాత టూత్ బ్రష్‌తో దులుపు, తర్వాత ఇయర్ బడ్ నిమ్మరసంలో కొంచెం తడిపి రుద్దు, బుసబుసా నురగ వస్తే పని చేస్తున్నట్టే. నురగ ఆగాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఒక రోజంతా ఆరనివ్వు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడేవు, అది ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది.

కడప_టంకం:
అన్నా నిమ్మరసం అన్నిటికీ పనికిరాదు, అది ఆల్కలైన్ సెల్లు కారినప్పుడే, అందులో ఉండేది క్షారం కాబట్టి పులుపు దాన్ని విరుస్తుంది. మన కిరాణా అంగళ్లలో చవగ్గా దొరికే మామూలు జింక్ కార్బన్ సెల్లయితే కారేది ఆమ్లం వైపు ఉంటాది, దానికి వంట సోడా నీళ్లలో కలిపి పూయాల. పాత సెల్లుల మీద ఏమని రాసుందో చూడు తమ్ముడూ, ఆల్కలైన్ అని లేకుంటే సోడానే.
ఇంకోటి. చానా వాక్‌మన్‌లలో వేరే పవర్ స్విచ్ ఉండదు, ప్లే బటన్ నొక్కినప్పుడు లోపల రెండు సన్న రేకులు ఆనుకుంటేనే కరెంటు పారతాది. ఇన్నేళ్లు పెట్టెలో ఉంటే ఆ రేకులు నల్లబడతాయి. తెల్ల కాగితం ముక్క ఆల్కహాల్‌లో తడిపి ఆ రేకుల మధ్య పెట్టి మెల్లగా లాగు, ఉప్పుకాగితం పెట్టొద్దు, పైపూత పోతాది. అడాప్టర్ పెట్టే రంధ్రం కూడా చూడు, పిన్ను పెట్టగానే సెల్లుల లైన్ తెగేట్టు అందులో చిన్న స్విచ్ ఉంటాది, అది చిలుముతో ఇరుక్కుపోతే ఎన్ని కొత్త సెల్లులేసినా లోపలికి కరెంటు పోదు. నా దగ్గరికి వచ్చినవాట్లో రెండు మూడు ఇట్లనే బాగైనాయి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే స్ప్రింగుల కాడ 3 వోల్టులు, తర్వాత బోర్డు మీద వైరు అతికిన కాడ 3 వోల్టులు వస్తున్నాయేమో కొలువు, యాడ తగ్గితే ఆడే తప్పు. ఏదో ఒక అడాప్టర్ తగిలిద్దామని మాత్రం చూడొద్దు, ప్లస్సు మధ్యలోనా అంచునా అనేది ఒక్కో వాక్‌మన్‌కి ఒక్కో తీరు, తిరగేస్తే బోర్డు కాలుతాది.

జగిత్యాల_పోరడు:
అన్నా వెలిగింది! పాత సెల్లుల మీద ఆల్కలైన్ అనే ఉన్నది, నిమ్మరసం పెట్టిన. ఒక వైరు స్ప్రింగు కాడ మొత్తం తినేసి ఊడిపోయి ఉండె, దోస్తు టంకం పెట్టిండు. ఇప్పుడు ఎర్ర లైటు వస్తుంది, మోటర్ తిరిగే చప్పుడు వస్తుంది గాని క్యాసెట్ చక్రాలు తిరుగుతలేవు. మూత ఇప్పి చూస్తే నల్లగ తారు లెక్క అంటుకొని ఉన్నది, చేతులకంటితే పోతలేదు.

పాతరేడియో:
శుభం తమ్ముడూ, పెద్ద గండం గడిచింది! ఆ తారు లాంటిదే మోటర్ నుంచి చక్రాలను తిప్పే రబ్బరు బెల్టు, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు అలా కరిగిపోతుంది. ఇయర్ బడ్‌తో ఓపిగ్గా మొత్తం తియ్యి, పుల్లీ గాడిలో కొంచెం మిగిలినా మాట వణుకుతుంది. తర్వాత బెల్టు వెళ్లే దారిలో దారం చుట్టి కొలువు, వచ్చిన పొడుగు కన్నా నూటికి 5 నుంచి 10 వంతులు తక్కువున్న బెల్టు కావాలి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడుగు, ఆన్‌లైన్‌లో రకరకాల సైజులు కలిపి ప్యాకెట్లుగా కూడా అమ్ముతారు. మామూలు రబ్బరు బ్యాండు వేసి సరిపెట్టొద్దు, టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి, అది ఎక్కువ తక్కువైతే మీ నాన్నగారి గొంతు మీ అమ్మగారు గుర్తుపట్టలేరు. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డూ, దాని పక్కన టేపుని లాగే రబ్బరు చక్రమూ కూడా తుడుచుకో.

కడప_టంకం:
క్యాసెట్ పెట్టేముందు వెనకాల అంచున ఉండే చిన్న పలకలు రెండూ విరిచెయ్, అప్పుడు పొరపాటున రికార్డు బటన్ పడినా చెరిగిపోదు. టేపు మీద తెల్లగా బూజు కనపడితే అది అసలు ఆడించొద్దు, ఇక్కడ రాయి, ఎట్ల తుడవాలో చెప్తా. ఆడించిన మొదటిసారే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి వైరేసి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకో, అది ఉచితమే. 60 నిమిషాల క్యాసెట్ రెండు వైపులా కలిపి గంట పడతాది, మధ్యలో లేవొద్దు.

జగిత్యాల_పోరడు:
బెల్టు దొరికిందన్నా. పాటల క్యాసెట్ రెండు రోజులు ఆడిపిచ్చి చూసినం, ఎక్కడ నలగలే. నిన్న రాత్రి నాన్న క్యాసెట్ పెట్టినం. మొదట్ల గరగర అన్నది, తర్వాత "పెద్దోడు బడికి పోతుండా" అని అడిగిండు. పెద్దోడంటే నేనే. అమ్మ, పోతుండు అని జవాబు చెప్పింది. ఒక వైపు కంప్యూటర్ల ఎక్కింది, మిగిలిన మూడు క్యాసెట్లల ఒకదానికి కొద్దిగ బూజున్నది, ఫోటో రేపు పెడ్త, ఎట్ల తుడవాలో చెప్పుండ్రి.