బొంతకి వాకింగ్ ఫుట్ (పై పొరని కూడా లాగే మిషన్ ఫుట్) కొనాలా, హూప్ (చేత్తో కుట్టేటప్పుడు గుడ్డని బిగించి పట్టే చట్రం) కొనాలా?

శ్రీకాకుళంలో ఉంటాను. పాప కోసం 4 అడుగులకి 5 అడుగుల బొంత కుడుతున్నాను. పైన పొందూరు ఖాదీ, నూలు చీరల ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో పల్చటి పాత దుప్పటి, అడుగున నేత చీర. ముక్కలు కలపడం వరకూ బాగానే వచ్చింది. మూడు పొరలూ కలిపి 3 అంగుళాల ఎడంతో నిలువు కుట్లు వేసే దగ్గరే చిక్కు.

నాది కాలితో తొక్కే పాత నల్ల మిషన్, తిన్నని కుట్టు తప్ప వేరేది పడదు. వరుస మొదట్లో సాఫీగానే ఉంటుంది. 2 అడుగులు దాటేసరికి పై గుడ్డ ముందుకు జరిగి, చివర అర అంగుళం మిగిలిపోయి మడత పడుతోంది. మిషన్ కింది పళ్ళు అడుగు పొరని లాగుతుంటే, గుడ్డని నొక్కి పట్టే ఫుట్ మాత్రం పై పొరని నెడుతోంది, కారణం అదేననుకుంటున్నాను.

16 నంబరు సూది తీసి 18 వేశాను. కుట్టు పొడవు పెంచాను, ఫుట్ ఒత్తిడి స్క్రూ వదులు చేశాను. 4 అంగుళాలకో పిన్నీసు పెట్టి, పైన కచ్చా కుట్టు కూడా వేశాను. మడతలు తగ్గాయి గానీ పోలేదు. దారం టెన్షన్ సరిగ్గానే ఉంది, విడి గుడ్డ మీద కుట్టు శుభ్రంగా పడుతోంది.

నేను అడిగిన షాపుల్లో వాకింగ్ ఫుట్ లేదు. ఆన్‌లైన్‌లో చూసినవి జిగ్‌జాగ్ మిషన్లకి చేసినవి. నా మిషన్ పళ్ళు సన్నవి, వాటికి ఆనుతుందో లేదో తేలడం లేదు. రోటరీ కట్టర్, మ్యాట్ తర్వాత చూసుకుంటాను, కత్తెరతో నడిచిపోతోంది. ఇప్పుడు ఒక్క వస్తువే కొనగలను.

ఇలాంటి మిషన్‌కి వాకింగ్ ఫుట్ బిగించి బొంత కుట్టినవాళ్ళు చెప్పండి: పై పొర జరగడం ఆగిందా, లేక పెద్ద హూప్ కొని చేత్తో కుట్టుకోవడమే మేలా?