నల్లగొండ నుంచి మన్ననూరు, ఫర్హాబాద్, మల్లెలతీర్థం: ఒక్క రోజుల అయితదా? ఘాట్ల బ్రేకుల సంగతేంది?

పానగల్లు గట్టు:
దసరా సెలవుల్లో ఒక శనివారం నల్లమల పోయి రావాలని ఉంది. చిన్న పెట్రోల్ కారు, చేత్తో మార్చే గేర్లు. ఐదుగురం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పాపకు పన్నెండేండ్లు, ఘాట్ మలుపుల్లో కడుపుల తిప్పుతది. ఫర్హాబాద్ అడవి సఫారీ, మల్లెలతీర్థం జలపాతం, ఉమామహేశ్వరం గుడి, వీలైతే శ్రీశైలం డ్యామ్ కూడా ఒక్కరోజులో చూడొచ్చా? ఏ దారి మంచిది? ఘాట్ దిగేటప్పుడు ఏ గేరుల ఉండాలె? రాత్రికి మళ్లీ నల్లగొండ చేరాలె. తెలిసినోళ్లు వివరంగా చెప్పండి.

అచ్చంపేట బాట:
అన్నా, నాలుగూ ఒక్క రోజుల కావు. సఫారీ, మల్లెలతీర్థం, పోతూనో వస్తూనో ఉమామహేశ్వరం, ఇంతవరకు అయితది. డ్యామ్ కూడా కావాలంటే మల్లెలతీర్థం వదులుకోవాలె.

దారి: నల్లగొండ, దేవరకొండ, డిండి, హాజీపూర్, మన్ననూరు. డిండి దగ్గర హైదరాబాద్–శ్రీశైలం జాతీయ రహదారి 765 ఎక్కుతరు. అక్కడి నుంచి రోడ్డు బాగుంటది కానీ ఊర్ల దగ్గర బర్రెలు, మేకల మందలు పొద్దుగాల, సాయంత్రం రోడ్డు మీదనే ఉంటయి. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చేటోళ్లు నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా వచ్చి హాజీపూర్ దగ్గర ఇదే రోడ్డుకు కలుస్తరు. పెట్రోలు ట్యాంకు మన్ననూరు రాకముందే నింపుకోండి. దాటినంక అడవే. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల పోతది, మ్యాపు ముందే ఫోన్‌లకు దించుకోండి. అడవిల రెండు బండ్లు పోతుంటే ఫోన్ల మీద ఆధారపడకుండా "వటవర్లపల్లి మలుపు దగ్గర ఆగుదాం" అని ముందే అనుకోవాలె.

ఇప్పుడు అసలు సంగతి. అడవి దారికి రెండు కొసల ఉన్న మన్ననూరు గేటు, దోమలపెంట గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటయి. ఆ రెండు గేట్ల మధ్య యాభై అరవై కిలోమీటర్ల అడవి దారి. అందుల బోర్డులు చెప్పిన వేగంతో పోతే గంటన్నర పైన పడతది. మీ ప్లాను పొద్దున బయలుదేరే టైం నుంచి కాదు, సాయంత్రం గేటు దాటే టైం నుంచి వెనక్కి లెక్కేయండి. తొమ్మిదికి గేటు మూస్తరంటే ఎనిమిదిన్నరకు గేటు కాడ ఉందామని చాలామంది అనుకుంటరు. ఆ లెక్క పెట్టుకున్నోళ్లే చీకట్ల, మలుపుల్లో, జింకలు రోడ్డు దాటే టైంల 80 మీద ఉరికిస్తరు. పొద్దు గూకకముందే మన్ననూరు దాటేటట్టు పెట్టుకోండి.

లెక్క ఇట్ల: తెల్లారి 5కు నల్లగొండల బయలుదేరితే 8 వరకు మన్ననూరు. సఫారీకి రెండు మూడు గంటలు పక్కన పెట్టండి. సఫారీ మీ సొంత కారుల కాదు, అటవీ శాఖ బండ్లల్ల తీసుకపోతరు. సెలవు రోజుల్లో సీట్లు ముందే నిండుతయి కాబట్టి ఆన్‌లైన్ల బుక్ చేసుకొని రండి. వానాకాలం జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ బంద్ ఉంటది, అక్టోబర్‌ల తెరుస్తరు. ఆ మొదటి వారాలు రద్దీ ఎక్కువ. 12:30 వరకు వటవర్లపల్లి. అక్కడి నుంచి ఎడమకో కుడికో అని వెతుక్కోవద్దు, మల్లెలతీర్థం బోర్డు చూసి రహదారి దిగండి. లోపలికి ఎనిమిది కిలోమీటర్లు. 3 దాటినంక అక్కడ ఉండొద్దు. 4:30 వరకు మన్ననూరు, ఆ తర్వాత రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం. రాత్రి 9 లోపల ఇంట్ల ఉంటరు.

పాలమూరు గేరుపెట్టె:
దారి సంగతి పై అన్న చెప్పిండు, బండి సంగతి చెప్త. మన్ననూరు దిక్కు ఎక్కుడు పెద్ద కష్టం కాదు. అసలు పరీక్ష ఈగలపెంట దాటినంక డ్యామ్ దిక్కు దిగే ఘాట్‌ల, ఆ వెనక సున్నిపెంట దిక్కు ఎక్కేటప్పుడు. మీరు డ్యామ్ దాకా పోకున్నా ఉమామహేశ్వరం గుట్ట రోడ్డుకు ఇదే పద్ధతి పనికొస్తది.

ఏ గేరుల ఎక్కుతమో అదే గేరుల దిగాలె. ఐదుగురితో చిన్న కారు రెండో గేరుల ఎక్కిందంటే రెండో గేరులనే దింపండి. గేరు దిగువకు మార్చేది వాలు మొదలు కాకముందే. సగం దిగినంక వేగం పెరిగినప్పుడు మార్చబోతే క్లచ్ తొక్కిన ఆ రెండు క్షణాలు బండిని ఇంజను పట్టుకోదు, వేగం ఇంకా పెరుగుతది. న్యూట్రల్‌ల వదలడం పెట్రోలు మిగుల్చుడు కాదు, ప్రాణం మీదికి తెచ్చుకొనుడు. ఇప్పటి పెట్రోల్ కార్లల్ల గేరుల ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజనుకు ఇంధనమే ఆగిపోతది. అంటే న్యూట్రల్‌లనే ఎక్కువ తాగుతది.

బ్రేకు మీద పాదం ఆనించి ఉంచొద్దు. వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒక్కసారి తొక్కి 20కి తెచ్చి పూర్తిగా వదలండి. మళ్లీ పెరిగితే మళ్లీ అట్లనే. మెల్లమెల్లగా తొక్కి పట్టుకుంటే ప్యాడ్లు చల్లారే సందు దొరకదు. అవి వేడెక్కితే పట్టు తగ్గుతది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి అందుల ఆవిరి బుడగలు పుడతయి. ఆయిల్‌ను నొక్కితే కుదించుకపోదు, బుడగ కుదించుకపోతది. అందుకే పెడల్ స్పాంజిలెక్క లోపలికి పోతది, బండి ఆగదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిల తేమను పీల్చుకుంటది. తేమ పట్టిన ఆయిల్‌కు ఆ హద్దు 155 దగ్గరికి వస్తది. ఊర్ల తిరిగేటప్పుడు ఏం తెల్వది, ఘాట్‌ల తెలుస్తది. రెండేండ్లు దాటితే పోకముందే మార్పించండి. డబ్బాల లెవెల్ నిండుగ ఉంటే చాలనుకోవద్దు, పాతదైతే రంగు టీ డికాషన్ లెక్క మారుతది.

కాలిన వాసన వస్తే వెడల్పు ఉన్న చోట, మలుపుకు దూరంగ ఆపండి. దిగువకు ముఖం పెట్టి ఉంటే రివర్స్ గేరు వేసి, టైరు కింద రాయి పెట్టండి. అరగంట ఆగండి. చక్రాల మీద నీళ్లు మాత్రం పొయ్యొద్దు, ఎర్రగ కాగిన డిస్క్ వంకరపోతది లేదా పగులుతది. పోయేటప్పుడు ఆ రాయి తీసి రోడ్డు పక్కకు వేయండి. ఘాట్ల మీద రోడ్డు నడుమ కనిపించే రాళ్లల్ల చానా వరకు ఇట్ల ఎవరో టైరు కింద పెట్టి మర్చిపోయినవే. వెనుక వచ్చే బైకు ఆయన దాని మీదికి ఎక్కిండంటే లోయ దిక్కే పోతడు.

టైర్ల గాలి డ్రైవర్ తలుపు దగ్గర ఉన్న స్టిక్కర్ చూసి, అందుల నిండు బరువుకు రాసిన అంకె పెట్టండి. బండి నడవకముందు, టైరు చల్లగ ఉన్నప్పుడే పట్టాలె. స్టెప్నీకి కూడా. టైరు గాడుల్లో అక్కడక్కడ చిన్న దిమ్మె ఉంటది, టైరు అరిగి ఆ దిమ్మె వరుసకు వచ్చిందంటే ఆ టైరుతో తడి ఘాట్ ఎక్కొద్దు.

మలుపు ఎక్కేటోళ్లకు దిగేటోళ్లు దారి ఇయ్యాలె. ఆగిన బండిని వాలు మీద మళ్లీ కదిలించుడు కష్టం, అందుకే ఆ నియమం.

నల్లమల కాపు:
పైన చెప్పినవన్నీ సరే. మీరు పోయేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు. అది రోడ్డు పక్క పార్కు కాదన్నది మనసులో పెట్టుకుని పోవాలి.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లోపలికి నిషేధం. మన్ననూరు గేటు దగ్గర చూస్తారు. నీళ్లు స్టీలు సీసాల్లో, తినేవి డబ్బాల్లో తెచ్చుకోండి. గేటు దగ్గర బండికి రుసుము ఉంటుంది.

కోతులకు ఒక్క అరటిపండు కూడా వేయొద్దు. ఎందుకంటే ఆ పండు కోసం గుంపు మొత్తం రోడ్డు మీదకు దిగుతుంది. ముందు మీరు వేసి పోతారు, వెనక వచ్చే లారీ వాటిని తొక్కి పోతుంది. చచ్చిన కోతిని తినడానికి నక్కలు, గద్దలు వస్తాయి, అవీ బండ్ల కింద పడతాయి. ఉమామహేశ్వరంలో సంచి చేతిలో వేలాడదీసుకుంటే లాక్కుంటాయి, అక్కడ ప్రసాదం మూట కూడా లోపల పెట్టుకోండి. కారు అద్దాలు మూసే ఉంచండి.

రాత్రి గేట్లు మూయడం ఎవరినో ఇబ్బంది పెట్టడానికి కాదు. లైట్ల వెలుగు కళ్లలో పడితే కణుజు (పెద్ద జింక), దుప్పి కదలకుండా నిలబడిపోతాయి. పక్కకు పోతుందని మీరు వేగం తగ్గించకపోతే గుద్దేస్తారు. ఇక్కడ పెద్దవే కాదు, కుందేలంత ఉండే మూషిక జింకలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ జూలో పెంచి ఈ అడవిలో వదిలినవి ఉన్నాయి. అవి రోడ్డు మీద ఎండుటాకు కుప్పలా కనిపిస్తాయి. పగలైనా సరే 40 దాటకండి. జంతువు కనిపిస్తే హారన్ కొట్టకుండా ఆగండి, కిందికి దిగకండి. ఒక దుప్పి దాటిందంటే వెంటనే కదలకండి, వెనక ఇంకో రెండు మూడు ఉంటాయి.

సఫారీకి పులి చూడాలని మాత్రమే వచ్చేవాళ్లు నిరాశ పడతారు. ఇది దట్టమైన అడవి, గడ్డి నిలువెత్తున ఉంటుంది. దుప్పులు, నెమళ్లు, కణుజులు, అదృష్టం బాగుంటే ఎలుగుబంటి. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే కింద పరుచుకున్న అడవి, దూరంగా కనిపించే మైదానం, దానికోసమే పోవచ్చు. ముదురు రంగు కాకుండా మట్టి రంగు బట్టలు వేసుకోండి. సెంటు పూసుకోవద్దు.

దారిలో చెంచుపెంటలు, అంటే చెంచుల గూడేలు, కనిపిస్తాయి. అవి వాళ్ల ఇండ్లు. పిల్లలకు చాక్లెట్లు పంచి ఫొటోలు తీయడం మానండి. తేనె అమ్ముతుంటే అడిగి కొనుక్కోండి, చెప్పిన ధర ఇవ్వండి.

పానగల్లు గట్టు:
అందరికీ చాలా కృతజ్ఞతలు. రెండు అనుమానాలు. తమ్ముడు గేర్లు లేని స్కూటర్ మీద వెంబడి వస్తా అంటుండు, మా ఐదుగురిలో ఒకరిని ఎక్కించుకొని. పర్వాలేదా? అమ్మ మల్లెలతీర్థం మెట్లు దిగగలదా?

పాలమూరు గేరుపెట్టె:
స్కూటర్ మీద మన్ననూరు వరకు ఏమీ కాదు. డ్యామ్ ఘాట్ దిగుడు మాత్రం ఇద్దరితో వద్దంట. కారణం ఇది: గేర్లు లేని స్కూటర్‌ల క్లచ్ దానంతట అదే పట్టుకుంటది, వదులుతది. వేగం బాగా తగ్గినప్పుడు క్లచ్ విడిపోయి ఇంజను బండిని ఆపడం మానేస్తది. అప్పుడు మొత్తం బరువు బ్రేకుల మీదనే. డ్రమ్ బ్రేకులైతే వేడి బయటికి పోయే దారి తక్కువ. తప్పనిసరిగా దిగాల్సి వస్తే 20–25 మీద, కొంచెం యాక్సిలరేటర్ తిప్పి క్లచ్ పట్టి ఉండేటట్టు చూసుకొని, రెండు బ్రేకులూ కలిపి నొక్కి వదులుతూ దిగాలె. వెనక కూర్చున్నాయన నడిచి దిగినా తప్పులేదు. గేర్ల బైకైతే ఈ బాధ లేదు, రెండో గేరుల దింపొచ్చు.

కారు ఎక్కేటప్పుడు ఇంజను వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ బంద్ చేసి, హీటర్ పెట్టి, అద్దాలు దించండి. ఇంజను వేడి కొంత లోపలికి వస్తది, చెమటలు పడతయి, ఇంజను మాత్రం బతుకుతది. రేడియేటర్ మూత వేడి మీద తిప్పొద్దు, మీద చిమ్ముతది. కనీసం ముప్పావు గంట ఆగాలె.

అచ్చంపేట బాట:
అమ్మగారి సంగతి నేను చెప్త. మల్లెలతీర్థంకు బండి ఆపిన కాడి నుంచి మెట్లు దిగాలె, మూడొందలకు పైన. దిగుడుకే మోకాలు నొస్తది, ఎక్కుడు అంతకన్నా కష్టం. అక్టోబర్‌ల కింది మెట్లు పాకురు పట్టి జారుతయి. అమ్మగారిని పైనే నీడల కూర్చోబెట్టి, తోడుగా ఒకరిని ఉంచి మిగతా వాళ్లు వంతుల మీద దిగండి. పాపకు రబ్బరు చెప్పులు కాకుండా వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి.

నీళ్లు పడే చోటు సరిగ్గా కింద నిలబడొద్దు, పైనుంచి రాళ్లు వస్తయి. నీళ్ల రంగు తేటగా ఉన్నది ఒక్కసారి ఎర్రగా మారిందంటే పైన ఎక్కడో వాన పడ్డట్టు. మీ నెత్తి మీద ఎండ ఉన్నా సరే వెంటనే గట్టెక్కండి. ఫొటో అయినంక ఎక్కుదాం అనుకునే టైం ఉండదు.

ఉమామహేశ్వరం మాత్రం అమ్మగారికి బాగుంటది. గుడి దగ్గరి దాకా కారు పోతది. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అని పేరు. గుట్ట గోడ కింద గుడి, పైనుంచి బొట్లు బొట్లుగా నీళ్లు, కింద మొత్తం పొలాలు. సాయంత్రం ఎండ వాలినప్పుడు చూడాలె.

పాపకు కడుపుల తిప్పకుండా పొద్దున ఇడ్లీ రెండు పెట్టండి, పూరి వద్దు. ముందు సీట్ల కూర్చోబెట్టి ఎదురుగా దూరం చూడమనండి, ఫోన్ ఇవ్వొద్దు. మలుపుల్లో మీరు ఎంత మెల్లగ తిప్పితే ఆ పాపకు అంత సుఖం. చేతిల ఒక పేపర్ సంచి ఎట్లైనా ఉంచుకోండి.

నల్లమల కాపు:
డ్యామ్ చూడాలనే ఉంటే ఈ ట్రిప్పులో కలపకుండా ఇంకోసారి రాత్రి శ్రీశైలంలో ఉండేలా రండి. అప్పుడు దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్‌లో ఆగి కృష్ణ వెనుక జలాలు కొండల మధ్య ఎలా చీలి పోయాయో నిదానంగా చూడొచ్చు. డ్యామ్ గేట్లు ఎత్తిన రోజుల్లో, శివరాత్రికి మాత్రం ఆ ఘాట్‌లో బండ్లు కిలోమీటర్ల కొద్దీ ఆగుతాయి. వాలు మీద అంగుళం అంగుళం కదలడంలోనే క్లచ్‌లు కాలుతాయి. అలాంటి రోజు హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు బండి రెండు బారలు కదిలాకే కదలండి.

పానగల్లు గట్టు:
సరే అన్నా. డ్యామ్ తీసేసిన, తమ్ముడు మన్ననూరులోనే స్కూటర్ పెట్టి మా కారులో ఇరుక్కుంటడు. బ్రేక్ ఆయిల్ ఈ వారంలో మార్పిస్త.

పాలమూరు గేరుపెట్టె:
ఐదుగురికి తోడు ఆరో మనిషి వద్దు. చిన్న కారులో ఐదుగురికే సీటు బెల్టులు, బ్రేకుల లెక్క కూడా అంతే. తమ్ముడిని అచ్చంపేటల బస్సెక్కి మన్ననూరు రమ్మనండి, లేదా గేర్ల బైకు తీసుకొమ్మనండి.