గాలికి ఎదురేస్తే బంతి గాల్లోనే ఎందుకు జరుగుతోంది?

భవానీపురం ఆఫ్‌స్పిన్:
అన్నలూ, పున్నమి ఘాట్ దగ్గర సాయంత్రాలు టెన్నిస్ బంతితో ఆడతాం. నాది కుడిచేతి ఆఫ్‌స్పిన్, అంటే నేల తాకాక కుడిచేతి బ్యాటర్ లోపలికి తిరిగే బంతి. కృష్ణ మీంచి గాలి వీచే పూట దానికి ఎదురుగా వేస్తే, బంతి గాల్లోనే స్లిప్ వైపు (కుడిచేతి బ్యాటర్‌కి దూరంగా, కీపర్ పక్క ఫీల్డర్ వైపు) జరిగి ఉన్నట్టుండి దిగుతోంది. అవతలి ఎండ్ నుంచి వేస్తే ఏమీ లేదు. నిన్న ఆ ఎండ్‌లో మూడు సిక్సులు, ఒకటి నదిలోకే. బంతి డబ్బులు నా నెత్తినే! లోపం నా చేతిదా, గాలిదా?

రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు:
నీ చెయ్యి బాగానే ఉంది నాయనా. తిరిగే బంతి గాలిని ఒక పక్కకి మళ్లిస్తే, గాలి బంతిని రెండో పక్కకి నెడుతుంది. అదే మాగ్నస్ ప్రభావం. ఎదురుగాలిలో బంతిని తాకే గాలి వేగం పెరుగుతుంది, నెట్టుడూ పెరుగుతుంది. టాప్‌స్పిన్ (బంతి ముందుకి దొర్లినట్టు తిరగడం) కలిస్తే బంతి త్వరగా దిగుతుంది. పక్కకి జరగడమే అసలు తమాషా: బంతి కిందికి దిగేటప్పుడు గాలి దానికి అడుగునుంచి తగులుతుంది, అప్పుడు ఆఫ్‌స్పిన్ దాన్ని స్లిప్ వైపు నెడుతుంది. అందుకే ఎత్తుగా వెయ్యి. ఫ్లాట్‌గా వేస్తే ఆ జరుగుడు ఉండదు.

గుంటూరు కీపర్:
ఇంకోటి తమ్ముడూ. క్రికెట్ బంతి 160 గ్రాముల దాకా ఉంటుంది, టెన్నిస్ బంతి 60 కూడా ఉండదు. సైజులో పెద్ద తేడా లేదు, కాబట్టి గాలి నెట్టుడు దాదాపు అంతే ఉన్నా బరువైన బంతి తక్కువ జరుగుతుంది. లెదర్ బంతితో ఇంత జరుగుతుందని ఆశపడకు.

భవానీపురం ఆఫ్‌స్పిన్:
థాంక్స్ మాస్టారూ. రేపు టాస్ గెలిస్తే ఎండ్ నాదే.