పెన్షన్లు రౌంట్రీ సర్వే వల్లే వచ్చాయా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. ఎంఏ సోషియాలజీ సెమినార్ పేపర్ రాస్తూ ఒకచోట ఇరుక్కుపోయాను.

1899లో సామాజిక పరిశోధకుడు సీబోమ్ రౌంట్రీ ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో ఇంటింటికీ మనుషుల్ని పంపి 11,560 కుటుంబాల వివరాలు రాయించాడు. ఊళ్లో దాదాపు 28 శాతం పేదలేనని తేలింది. తల్లీతండ్రీ, ముగ్గురు పిల్లలూ బతకాలంటే వారానికి 21 షిల్లింగుల 8 పెన్నీలు కావాలని లెక్కగట్టాడు. అందులో న్యూస్‌పేపర్ కొనడానికి అర పెన్నీ లేదు, దూరాన ఉన్న పిల్లలకు ఉత్తరం వేయడానికి స్టాంపు ఖర్చూ లేదు! (మన దాదాభాయ్ నౌరోజీ గారు అంతకు చాలా ముందే జైలు తిండి ఖర్చుతో ఇలాంటి లెక్కే వేశారు, అది వేరే సంగతి.)

1908లో బ్రిటన్‌లో 70 దాటినవాళ్లకు వారానికి 5 షిల్లింగుల వరకు పెన్షన్ ఇచ్చే చట్టం వచ్చింది. 1911లో ఆరోగ్య, నిరుద్యోగ బీమా. "సర్వేల వల్లే వచ్చాయని రాసేయకు" అంటారు మా గైడ్. దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధంలో చేరడానికొచ్చిన కుర్రాళ్లు బక్కచిక్కి ఉండటం, కార్మికుల ఓట్లు అసలు కారణాలట. మరి లండన్ పేదరికపు లెక్కలు తీసి, వృద్ధులకు పెన్షన్ ఇవ్వాలని ఏళ్ల తరబడి వాదించిన చార్లెస్ బూత్‌ని ఎక్కడ పెట్టాలి?

సర్వేల ప్రభావం ఎంతో తేల్చాలంటే ఏం చూడాలి? పార్లమెంటు చర్చలు సరిపోతాయా? ఎవరైనా దారి చూపించండి, వచ్చే సోమవారమే ప్రెజెంటేషన్.