మోకాలికి కట్టు కట్టడానికీ డీబీఎస్ కావాలా?

వారాంతపు మాస్టారు:
ఇంగ్లండ్‌లో శనివారాలు పిల్లలకు తెలుగు చెబుతాను, జీతం లేదు. మొన్న ఆటలో ఒక పిల్లాడు పడి మోకాలు చీరుకుపోయింది. నేను దూది తీసేసరికి "మీరు ముట్టుకోకండి, ఫస్ట్ ఎయిడ్ ఆవిడ వస్తోంది" అన్నారు. ఆవిడ వచ్చేదాకా వాడు ఏడుస్తూ నా వంకే చూశాడు. నేరచరిత్ర లేదని చెప్పే డీబీఎస్ సర్టిఫికెట్ నా సంచీలోనే ఉంది! అదీ ఈ ఏడాదిలో మూడోది: బడికొకటి, లైబ్రరీకొకటి, క్రికెట్ క్లబ్బుకొకటి. జాగ్రత్త మరీ ముదిరిందనిపిస్తోంది. నాకొక్కడికేనా?

ఇద్దరు పిల్లల తల్లి:
మాస్టారూ, ఈ చెకింగ్ ఊరికే రాలేదండీ. 2002లో సోహమ్ ఊళ్లో పదేళ్ల అమ్మాయిలిద్దరిని చంపిన ఇయాన్ హంట్లీ స్కూల్ కేర్‌టేకర్. అంతకుముందే వేరే ప్రాంతం పోలీసుల దగ్గర అతని మీద లైంగిక నేరాల ఫిర్యాదులున్నాయి. ఒక్కదాంట్లోనూ శిక్ష పడలేదు, ఆ సంగతి ఉద్యోగమిచ్చిన స్కూలుకు చేరనూ లేదు. ఆ లోపం మీద జరిగిన విచారణ తర్వాతే, పిల్లలతో పనిచేసేవాళ్లను ముందుగా పరిశీలించాలనే 2006 చట్టం వచ్చింది. నా పిల్లల్ని వదిలే చోట మూడు ఫారాలు కాదు, ముప్పై నింపించినా నాకు ఇష్టమే.

పాత గోల్‌కీపర్:
ఆ చట్టం కథ అక్కడితో అయిపోలేదు. మొదటి పథకం ప్రకారం కోటి మందికి పైగా నమోదు కావాలి. స్కూళ్లకెళ్లి పిల్లలతో మాట్లాడే రచయితలు 2009లో ఎదురు తిరిగారు, ఫిలిప్ పుల్‌మన్ అయితే ఇక వెళ్లనే వెళ్లనన్నాడు. 2010లో కొత్త ప్రభుత్వం దాన్ని ఆపి, 2012 చట్టంతో బాగా కుదించింది. చట్టం వెనక్కి తగ్గింది, తగ్గనిది మన కమిటీలే. అర్హత లేని పనికి ‘ఎన్‌హాన్స్‌డ్’ అనే పెద్ద డీబీఎస్ చెక్ అడగడం చట్టవిరుద్ధమని ఎంతమంది సెక్రటరీలకు తెలుసు?

మాస్టారూ, అప్‌డేట్ సర్వీస్‌లో చేరితే సరిపోయేది కదా, వాలంటీర్లకు ఉచితం. ఒకే సర్టిఫికెట్ మూడు చోట్లా చూపించవచ్చు.

నర్సరీలో పదేళ్లు:
ఇద్దరూ కాగితం చుట్టూనే తిరుగుతున్నారు. 2009లో ప్లిమత్ నర్సరీ కేసులో పిల్లల్ని వేధించినామెకు చెక్ క్లియర్‌గానే వచ్చింది. నిన్నటిదాకా దొరకలేదని తప్ప ఆ కాగితం ఇంకేం చెబుతుంది? ఆమె ఫొటోలు తీసింది ఫోన్‌తో. మా దగ్గర పొద్దున్నే అందరి ఫోన్లూ లాకర్లోకి వెళ్తాయి, నా ఫోన్‌తో సహా. డైపర్ మార్చే గది తలుపు మూయం. విసుగే, కానీ ఈ రెండూ ఎవరు తీసేస్తామన్నా ఒప్పుకోను.

మోకాలి సంగతంటారా, పెద్దవాళ్లు పిల్లల్ని ముట్టుకోకూడదని ఏ చట్టంలోనూ లేదండీ. అది మీ బడివాళ్ల భయం. తమ మీద మాట రాకూడదని పెట్టుకున్న రూలుకు పిల్లల భద్రత అని పేరు.

ఇద్దరు పిల్లల తల్లి:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. దెబ్బ తగిలింది నా కొడుక్కే అయితే కట్టు కట్టనందుకే గొడవ పెట్టుకునేదాన్ని. చెక్ మాత్రం ఉండాల్సిందే.

వారాంతపు మాస్టారు:
సరే, వచ్చే శనివారం కమిటీని అడుగుతాను: ఇంకో పెద్దవాళ్లు పక్కనుంటే కట్టు కట్టొచ్చా అని. అప్‌డేట్ సర్వీస్ కూడా చూశాను. సర్టిఫికెట్ వచ్చిన 30 రోజుల్లోపు చేరాలట, నా మూడింటికీ గడువు దాటిపోయింది. అందులో చేరాలన్నా ముందు నాలుగో ఫారం నింపాలి.