బాబుకు గోధుమ పూర్తిగా మానిపించాలి: ఇంటి వంట, కేకులు, పెళ్లి భోజనం ఎలా?

ప్రశ్న (రాయగడ గృహిణి)

అందరికీ నమస్కారం. మా పెద్దబాబుకు తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా ఎత్తు పెరగకపోవడం, ఎన్ని టానిక్కులు పోసినా రక్తహీనత తగ్గకపోవడం చూసి విశాఖపట్నం తీసుకువెళ్లాము. అక్కడ టీటీజీ అనే రక్తపరీక్ష, ఆ తరువాత ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు నుండి తీసిన ముక్కను పరీక్షించి సీలియాక్ వ్యాధి అని తేల్చారు. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు వీడి పేగు లోపలి పొరను దెబ్బతీస్తోందని, దీనికి మందు లేదని, జీవితాంతం ఆ ధాన్యాలు మానడమే వైద్యమని చెప్పారు.

మేము మూడు తరాలుగా ఇక్కడ ఒడిశాలో స్థిరపడిన తెలుగువాళ్లం. మధ్యాహ్నం అన్నమే కదా అని మొదట ధైర్యంగానే ఉన్నాను. తీరా లెక్క చూసుకుంటే ఉదయం ఉప్మా, బడికి ఇచ్చే డబ్బాలో బ్రెడ్డు, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి చపాతీ, పండుగకు సేమ్యా పాయసం, అన్నీ గోధుమే. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది, పిల్లవాడి నోరు కట్టేస్తారా" అని మా అత్తగారు రోజూ బాధపడుతున్నారు. వచ్చే నెల గుణుపురంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది; అక్కడ వీడు ఏమి తినాలో తెలియడం లేదు. కేకు ఇంట్లోనే చేద్దామని ఉత్త బియ్యప్పిండితో ప్రయత్నిస్తే ఇసుక ముద్దలా విడిపోయింది. వీడి ఒక్కడికే వేరుగా వండడం ఎందుకని, ఇంటిల్లిపాదిమీ, ఆరేళ్ల పాపతో సహా, గోధుమ మానేద్దామనుకుంటున్నాము. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (బరంపురం, విశ్రాంత ఉపాధ్యాయిని)

అమ్మా, నాకు ఈ వ్యాధి ఉందని తెలిసి పదకొండేళ్లయింది కనుక వండుకు తిన్న అనుభవంతోనే రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: పాపకు గోధుమ మానిపించకండి. తోబుట్టువులలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ వ్యాధి ఉండే అవకాశం ఉన్నందున ఆమెకు కూడా రక్తపరీక్ష చేయించాలి. గోధుమ మానేసిన తరువాత చేయిస్తే వ్యాధి ఉన్నా ఆ పరీక్షలో బయటపడకపోవచ్చు.

ఇక మీ అత్తగారి సందేహం. ఒక బ్రెడ్డు ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములు దాటితే మన దేశ నిబంధనల ప్రకారం దాని మీద గ్లూటెన్ రహితమని ముద్రించడానికి వీలు లేదు. అంటే ఆ ముక్కలో నూరవ వంతు కలిసినా కిలో ఆహారం ఆ హద్దుకు చేరినట్లే. ఇది పత్యం కాదు, పిల్లవాడి మీద కాఠిన్యమూ కాదు అని ఆవిడకు ఈ లెక్కతోనే చెప్పి చూడండి. నెదర్లాండ్స్‌లో విలెం డికె అనే పిల్లల వైద్యుడు ఈ జబ్బుకు గోధుమే కారణమని గట్టిగా నిలబెట్టింది 1940ల చివరలో, 1950లో. అంతవరకు వైద్యులకే స్పష్టంగా తెలియని సంగతి మన ఇళ్లలో పెద్దలకు తెలియకపోవడంలో తప్పేమీ లేదు.

వంట విషయంలో నా అభిప్రాయం కొంచెం మొండిది. గోధుమ వంటలకు నకళ్లు వెతుక్కుంటూ పోతే డబ్బు ఖర్చు, రుచికి ఆశాభంగం. గోధుమపిండిలో సాగుడు గుణం గ్లూటెన్‌ది. పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచేదీ అదే. మన వంటింట్లో ఆ పని మినప్పప్పు చేస్తుంది. అందుకే ఇడ్లీ పొంగుతుంది, దిబ్బరొట్టె లోపల గుల్లగా ఉంటుంది. బొంబాయి రవ్వ ఉప్మాకు బదులు బియ్యపు రవ్వతో, పెసరపప్పు వేసి ఉప్పుడుపిండి చేయండి. సేమ్యాకు బదులు పాలతాలికలు. రాత్రికి పెసరట్టు గాని, మరుగుతున్న నీళ్లు పోసి కలిపిన జొన్నరొట్టె గాని పెట్టండి. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురు వస్తుంది కనుక రొట్టె విరగదు, చల్లనీళ్లతో కలిపితే ఎంత నేర్పు ఉన్నా పగులుతుంది. చోళ్ల (రాగుల) సంగతి మీకు నేను చెప్పాలా? 2017లో చిరుధాన్యాల పథకం ఒడిశా మిలెట్ మిషన్ మొదలైన ఏడు జిల్లాలలో మీ రాయగడ ఒకటి.

ఒడియా ఇరుగుపొరుగు ఉండడం కూడా మనకు కలిసివచ్చింది. ప్రథమాష్టమి నాడు ఇంటి పెద్దబిడ్డకు కొత్తబట్టలు పెట్టి, పసుపు ఆకులో మడిచి ఆవిరిపై ఉడికించిన ఎండూరి పీఠా పెడతారు. అది బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండి. లోపల కొబ్బరి, బెల్లం, ఛెనా (పాలవిరుగుడు). మీ బాబు పెద్దబిడ్డే కదా, ఆ పండుగ అచ్చంగా వాడిదే. రజ పండుగ పోడ పీఠాకు, చకుళి పీఠాకు కూడా బియ్యమే ఆధారం. కాకరా పీఠా మాత్రం బొంబాయి రవ్వతో చేస్తారు, దానిని పెట్టవద్దు.

జవాబు 2 (పర్లాకిమిడి)

పైన టీచరుగారు చెప్పినదంతా నిజమే గాని జొన్నపిండి ఎక్కడ ఆడించాలో చెప్పలేదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మా నాన్నగారికి పిండిమిల్లు ఉండేది. గోధుమలు ఆడిన మరలో తరువాత ఏది పోసినా మొదటి కిలోలో పాతపిండి కలిసి తీరుతుంది. రాళ్ల సందుల్లోనూ, గొట్టానికి కట్టిన గుడ్డసంచిలోనూ పేరుకున్నది ఎంత దులిపినా పోదు. పొద్దున్నే తొలి వాయి మాది ఆడించండి అని అడిగే వారుండేవారు, కాని ముందురోజు సాయంత్రపు పిండి లోపల అలాగే ఉంటుంది. అందుచేత చోళ్లు, జొన్నలు, బియ్యం కడిగి ఆరబెట్టి ఇంటి మిక్సీలో ఆడుకోవడం మేలు. జల్లెడ కొత్తది కొనండి, చపాతీలు జల్లించినది వద్దు. చెక్క పీట, అప్పడాల కర్ర కూడా అంతే.

ఇంకొకటి, ఇంగువ. అంగట్లో డబ్బాలో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి గాని మైదా గాని కలుపుతారు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. మన చారు, పులిహోర, ఆవకాయ అన్నీ దాని మీదే నడుస్తాయి కనుక, బియ్యప్పిండి కలిపినదని రాసి ఉన్నది చూసి తీసుకోండి, లేకపోతే వెల్లుల్లి తాలింపుతో సరిపెట్టండి. పాలలో కలిపే మాల్ట్ పొడులలో బార్లీ ఉంటుంది, సోయా సాసులో మామూలుగా గోధుమ ఉంటుంది. "గోధుమ లేదు" అని రాసినంత మాత్రాన బార్లీ లేదని అర్థం కాదు.

జవాబు 3 (జయపురం, ఇంట్లో కేకులు చేస్తాను)

రాయగడ వదినగారూ, ఉత్త బియ్యప్పిండి కేకు ఇసుకలా అవడానికి కారణం పిండి నీరు పీల్చకముందే పొయ్యి ఎక్కడం. కలిపిన తరువాత అరగంట మూతపెట్టి ఉంచండి. బేకింగ్ పౌడరు మాత్రం చివరలో వేయండి, ముందే వేస్తే దాని బలం కాస్తా ఆ అరగంటలోనే పోతుంది.

నేను చేసే కొలత ఇది: చోడిపిండి 120 గ్రాములు, మెత్తని బియ్యప్పిండి 50, సగ్గుబియ్యం పొడి 30, బాగా మగ్గిన అరటిపండ్లు రెండు, గుడ్లు రెండు, బెల్లంపొడి 120 గ్రాములు, నూనె 80 మిల్లీలీటర్లు, పెరుగు నాలుగు చెంచాలు, ఇసబ్‌గోల్ పొట్టు ఒక చిన్న చెంచా, బేకింగ్ పౌడరు రెండు చిన్న చెంచాలు. ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర సుమారు నలభై నిమిషాలు పడుతుంది. గ్లూటెన్ పట్టి ఉంచే పనిని ఇక్కడ గుడ్డు, అరటిపండు, ఇసబ్‌గోల్ జిగురు పంచుకుంటాయి. పూర్తిగా చల్లారేవరకు కోయవద్దు. నేను మూడుసార్లు తొందరపడి మూడుసార్లూ పొడి చేశాను. చోడిపిండి రంగు వల్ల పిల్లలు చాక్లెట్ కేకే అనుకుంటారు, మనం కాదనకపోతే సరి.

బ్రెడ్డు విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇసబ్‌గోల్ ఎక్కువ వేసి చేస్తే మొదటిరోజు చక్కగా ఉంటుంది, మరునాటికి గట్టిపడుతుంది, అప్పుడు పెనం మీద నేతితో కాల్చి పెట్టాలి. మావాడి డబ్బాలోకి నేను దిబ్బరొట్టె ముక్కలే కోసి పెడుతున్నాను. ఓట్స్ మీద గ్లూటెన్ రహితమని ముద్ర లేకపోతే వాడవద్దు, అవి తరచుగా గోధుమతో కలిసిపోయి వస్తాయి.

జవాబు 4 (బరంపురం, తరచుగా ప్రయాణాలు చేసేవాడిని)

మా శ్రీమతికి ఇదే సమస్య. హోటల్లో "గ్లూటెన్" అని అడిగితే ఎవరికీ అర్థం కాదు, అర్థం కానప్పుడు "లేదండీ" అనేస్తారు. అందుచేత వస్తువుల పేరు పెట్టి అడగాలి. మన వైపు ఒడియాలో "ఎథిరే గహమ, మైదా, సుజి అఛి కి" అంటే చాలు. అదీ వడ్డించేవారిని కాదు, వంటవారిని. ఒకసారి ఒక హోటల్లో బియ్యం దోసె అని నమ్మి తిన్నది. అంతకు ముందు అదే పెనం మీద రవ్వదోసె పోశారని తరువాత తెలిసింది. రెండు రోజులు లేవలేకపోయింది.

అప్పటినుండి మాకు నిలిచిన పద్ధతి: బయట ఇడ్లీ, కొబ్బరిపచ్చడి, సాంబారు ఇంగువ సంగతి తెలిస్తేనే. గారె మినపదే అయినా పూరీలు, సమోసాలు వేగిన నూనెలో వేసింది వద్దు. దమ్ బిర్యానీ అడిగి తినాలి, ఎందుకంటే మూత కదలకుండా గోధుమపిండి ముద్ద అంటించే చోట్లు ఉన్నాయి. మిఠాయిలలో పూరీ ఖాజా మైదాదే అని అందరికీ తెలుసు. రసగుల్లాలో, ఛెనా పోడలో కూడా ముద్ద కట్టడానికి రవ్వ కలిపేవారున్నారు; ఇది చాలామంది ఊహించరు. రైలుకు ఇంటినుండి మరమరాలు, వేయించిన వేరుశనగలు, అరటిపండ్లు పట్టుకుపోతాము.

పెళ్లికి మాత్రం ఒకరోజు ముందే వంటమేస్త్రితో మాట్లాడండి. బంతిలో కూర్చున్నాక అడిగితే ఆయనకూ కష్టం, మీకూ కష్టం.

రాయగడ గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. మా ఇంగువ డబ్బా తిప్పి చూస్తే రెండవ పేరే గోధుమపిండి. మూడు నెలలుగా జాగ్రత్తగా ఉన్నామనుకుంటూ దానితోనే చారు పెట్టాము. అరటిపండు కేకు కుదిరింది, అంచులు కొంచెం మాడాయి. మా అత్తగారు నిన్న తానే మినప్పప్పు నానబోసి, కొత్త పెనం మనవడిదని పై అరలో వేరుగా పెట్టించారు.

గుణుపురం వంటమేస్త్రితో ఫోనులో మాట్లాడాము. పెళ్లిరోజు కొత్త నూనెలో తొలి వాయి గారెలు, ఆ వెంటనే బూరెలు వాడికి తీసి, మిగిలిన వంటలు ఆ తరువాత మొదలుపెడతానన్నారు. బూరెల పైపిండిలో మైదా వేస్తారా అని అడిగితే, బియ్యం, మినప్పప్పు తప్ప ఇంకేమి వేస్తామమ్మా అని కొంచెం నొచ్చుకున్నారు. చారుకు ఇంగువ లేకుండా చిన్న గిన్నెతో ముందే పక్కన తీయిస్తాము. పాపకు వచ్చే సోమవారం రక్తపరీక్ష. అంతవరకు ఆమె చపాతీలు ఆమెకు మామూలుగానే, పాత పెనం మీద.